ఎంటర్ మీటకు బొట్టు

పేర్రాజుకు ప్రమోషన్ వచ్చిన రోజున ధవళధార డెయిరీలో అందరికీ పాలకోవా పంచారు. ఇకమీదట ఆ డెయిరీలో తన చేతులకు మిగిలే పనులు కోవా అందుకోవడం లాంటివేనని పాపం ఆయనకు తెలియదు. తెలిస్తే రెండు తీసుకునేవాడు.

బిక్కవోలు నుంచి మండపేట పోయే దారిలో తెల్లటి ప్రహరీ, దాని మీద నవ్వే గేదె బొమ్మ ఉంటాయి. అదే ధవళధార. రోజూ నూట పది ఊళ్ళ పాలు అక్కడికి చేరి, ముప్ఫై ఆరు వ్యాన్లలో బయటికి పోతాయి. ఏ వ్యాను ఏ పాలతో ఏ దారిన పోవాలో చెప్పేది కింద గదిలో ఉన్న ఒక పాత కంప్యూటరు. ఇరవై రెండేళ్ళ కిందట దానికి ప్రోగ్రాం రాసింది పేర్రాజు. అది దారి చీటీ అచ్చు వేస్తేనే గేటు దగ్గరివాడు గొలుసు తీస్తాడు.

ఆ ప్రోగ్రాంకు ఒక అలవాటుంది. రెండడుగులు వేసి ఆగి, తెర మీద "సరేనా?" అని అడుగుతుంది. ఎంటర్ మీట నొక్కితే కదులుతుంది. మళ్ళీ ఆగుతుంది. అలా రోజుకు పదహారుసార్లు. "ఎందుకలా రాశావయ్యా?" అని ఎవరైనా అడిగితే పేర్రాజు నవ్వేసి ఊరుకునేవాడు. నిజమేమిటంటే ఇంట్లో ఏ విషయమూ ఆయన్ని అడిగి చేయరు. కనీసం ఇదైనా అడగనీ అనుకున్నాడు. పదహారుసార్లు సరేనని, ముప్ఫై ఆరు వ్యాన్ల హారన్లు విని, అప్పుడు టిఫిను తినేవాడు. ఆ సుఖం ముందు ఏ పదవీ ఎందుకూ కొరగాదు.

పదవి మాత్రం వెతుక్కుంటూ వచ్చింది. దానికి కారణం ఛైర్మన్ సుబ్బిరెడ్డి గారు హైదరాబాదులో ఒక పారిశ్రామికుల సభకు వెళ్ళడం. భోజనాల దగ్గర ఒక సిమెంటు కంపెనీ ఆయన "మీ సీటీఓ ఎవరండీ?" అని అడిగాడు. సుబ్బిరెడ్డి గారికి అదేమిటో అంతుపట్టక, "ఈ యేడు ఇంకా వెయ్యలేదండి" అన్నారు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ముప్ఫై గేదెలతో మొదలుపెట్టి ఇంత చేసిన మనిషి, ఆ నవ్వుకు పెరుగన్నం వదిలేసి లేచి వచ్చారు. మర్నాడే విక్రాంత్ అనే సలహాదారుణ్ణి పిలిపించారు. ఆ అబ్బాయి సూటూ బూటూ వేసుకుని వచ్చి, డెయిరీ అంతా తిరిగి, గేదె బొమ్మ దగ్గర ఫొటో దిగి, కంపెనీకి తక్షణమే చీఫ్ టెక్నాలజీ ఆఫీసర్ కావాలని తేల్చాడు.

అలా పేర్రాజు మెడలో దండ పడింది, భుజాన శాలువా పడింది. మానవ వనరుల అధికారిణి హైమావతి లేచి కొత్త నిబంధన చదివింది. ఆవిడ "మంచినీళ్ళు" అన్నా కూడా సర్క్యులర్ చదివినట్టే ఉంటుంది.

"ముఖ్య సాంకేతికాధికారి దార్శనికుడు. దార్శనికుని విధి చూచుట. కావున ఆయన ఏ యంత్రమునూ, ఏ మీటనూ పని నిమిత్తము స్వహస్తములతో స్పృశించరాదు. స్పృశించినచో పదవీ గౌరవమునకు భంగము కలిగించినట్లు భావించి మెమో ఇవ్వబడును. మూడవ మెమోతో ఇంటికి పంపబడును."

"మరి పనెవరు చేస్తారండీ?" అన్నాడు పేర్రాజు.

"అది ఆపరేషనల్ ప్రశ్న సార్," అన్నాడు విక్రాంత్ జాలిగా. "మీరిక స్ట్రాటజిక్ ప్రశ్నలే అడగాలి."

మేడ మీద అద్దాల గది ఇచ్చారు. అందులో తిరిగే కుర్చీ, తెల్ల బోర్డు, ఒక ప్లాస్టిక్ మొక్క. కంప్యూటరు లేదు. ఉక్కపోస్తుంటే లేచి ఫ్యాను స్విచ్చి వేసినందుకు మొదటి రోజే మొదటి మెమో వచ్చింది. స్విచ్చి కూడా మీటేనట.

కింద పేర్రాజు సహాయకుడు గవర్రాజు యంత్రం ముందు కూర్చున్నాడు. ఆ ఎంటర్ మీట మహా మొండిది. కుడి మూలన కొంచెం ఎత్తిపట్టి నొక్కితే గానీ వినదు. పేర్రాజు గుమ్మం బయట చేతులు వెనక్కి కట్టుకుని, "మూల మీద! మూల మీద నొక్కండి! ఆయ్, ఇంకాస్త!" అని అరుస్తూ నేర్పాడు. ఏడోసారి "సరేనా?" దగ్గర గవర్రాజు తడబడితే ఇరవై రెండేళ్ళ అలవాటు ఊరుకుంటుందా, పేర్రాజు గుమ్మం దాటేశాడు, వేలు దానంతటదే వెళ్ళి నొక్కేసింది. రెండో మెమో వచ్చింది.

ఇక ఒక్కటి వస్తే ఇంటికే. ఆ రోజు నుంచి పేర్రాజు రెండు చేతులూ శాలువాలో చుట్టుకుని తిరగడం మొదలుపెట్టాడు. చూసినవాళ్ళు పెద్దరికం వచ్చిందనుకున్నారు.

గవర్రాజు నాలుగు రోజుల్లో పని నేర్చుకున్నాడు. అది విక్రాంత్ కంట పడింది. "ఇంత టాలెంటుని కింద ఉంచడం నేరం" అని అతన్ని చీఫ్ ఇన్ఫర్మేషన్ ఆఫీసర్ని చేశాడు. దండ, శాలువా, నిబంధన. గవర్రాజు స్థానంలోకి వచ్చిన పిల్ల మూడు రోజుల్లో నేర్చుకుంది. చీఫ్ డేటా ఆఫీసర్ అయింది. తర్వాత గుమాస్తా ఒకాయన వారంలో నేర్చుకుని చీఫ్ డిజిటల్ ఆఫీసర్ అయ్యాడు. మీట నొక్కడం రానివాళ్ళు కింద, వచ్చినవాళ్ళు మేడ మీద. ఆఖరికి ఎవరూ దొరక్క, వ్యాన్ల మేస్త్రీ బుల్లియ్య తలపాగా తీసి బల్ల మీద పెట్టి మీట ముందు కూర్చున్నాడు. స్టీరింగులు తిప్పిన చెయ్యి కనుక రెండు రోజుల్లోనే పట్టు చిక్కింది. మూడో రోజు చీఫ్ ఇన్నొవేషన్ ఆఫీసర్ అయ్యాడు.

"అందరూ అందలం ఎక్కేత్తే మోసేవోళ్ళెవరండి బాబూ?" అని బుల్లియ్య మేడ మీద గోలపెట్టాడు. విక్రాంత్ ఆ మాట బోర్డు మీద రాసుకుని, కింద గీత గీసి, "చాలా లోతైన ప్రశ్న. వచ్చే త్రైమాసికంలో చర్చిద్దాం" అన్నాడు.

మర్నాడు ఉదయం యంత్రం "సరేనా?" అని అడిగింది. సమాధానం చెప్పే దిక్కు లేదు. గేటు గొలుసు గేటుకే ఉంది. ముప్ఫై ఆరు వ్యాన్లు ఎండలో నిలబడ్డాయి. మేడ మీద అయిదుగురు చీఫులు అద్దానికి ముక్కులు ఆనించి, పాలు విరగడం చూస్తూ ఉండిపోయారు. వాళ్ళలో ఏ ఒక్కరు కిందికి దిగి వేలు పెట్టినా నిమిషంలో తీరే పని అది. పేర్రాజుకు ఏడుపొచ్చింది. తెల్లవారకముందే లేచి పాలు పితికి తెచ్చిపోసిన ఆడవాళ్ళు గుర్తొచ్చారు. శాలువాలో వేళ్ళు కొట్టుకున్నాయి.

"పాలు ఇరిగిపోతన్నాయండయ్యా!" అని బుల్లియ్య ఛైర్మన్ గారి దగ్గరికి పరిగెత్తాడు. సుబ్బిరెడ్డి గారు కంగారుగా విక్రాంత్ వంక చూశారు.

"విరగడం కాదు సార్, ప్రోడక్ట్ డైవర్సిఫికేషన్," అన్నాడు విక్రాంత్. "మార్కెట్లో పాలు అందరూ అమ్ముతారు."

ఆ రోజు ధవళధార విరుగుడు అమ్మింది. ఎవరూ కొనలేదు. ఊళ్ళోని కుక్కలు మాత్రం రెండు రోజులు డెయిరీ వదిలి పోలేదు.

పేర్రాజు ఇక లాభం లేదని హైమావతికి అర్జీ పెట్టుకున్నాడు. "అమ్మా, నన్ను కిందికి దింపేయండి. గుమాస్తాగానైనా సరే. మీ పుణ్యముంటుంది."

ఆవిడ రెండు గంటలు ఫైళ్ళు తిరగేసి జవాబిచ్చింది. "పదవి నుండి దిగుటకు నిర్ణీత దరఖాస్తు నమూనా లేదు. నమూనాను కంప్యూటరులో తయారుచేయవలసినది ముఖ్య సాంకేతికాధికారి. ఆయన కంప్యూటరును స్పృశించరాదు. మరియు తనను తాను తగ్గించుకొనుట వినయము. వినయము నాయకత్వ లక్షణము. కావున మీ హోదాకు ముందు 'గ్రూపు' అను పదము చేర్చబడినది."

అలా పేర్రాజు గ్రూపు చీఫ్ టెక్నాలజీ ఆఫీసర్ అయ్యాడు. మళ్ళీ శాలువా కప్పారు.

మీట ఎవరు నొక్కాలన్న విషయం మీద మర్నాడు చీఫులు సమావేశమయ్యారు. ఉదయం ఎనిమిదికి మొదలైన సమావేశం భోజనాల దాకా సాగింది. నొక్కడం సమాచారమా, డేటానా, డిజిటలా అన్న దగ్గరే తెమల్లేదు. మధ్యాహ్నానికి "ఎంటర్: దిశ, దశ, దార్శనికత" అని ఒక ఉపసంఘం వేశారు. కింద యంత్రం "సరేనా?" అని అడుగుతూనే ఉంది. ఆ రోజూ విరుగుడే.

మూడో రోజు వచ్చేసరికి నూట పది ఊళ్ళలో నలభై ఊళ్ళు పాలు పొయ్యడం మానేశాయి. సుబ్బిరెడ్డి గారు గేదె బొమ్మ కింద కుర్చీ వేసుకుని దిగాలుగా కూర్చున్నారు. అంత పెద్దమనిషీ వెళ్ళి ఆ మీట తనే నొక్కవచ్చు కదా అంటే, ఆయన అందరికంటే పెద్ద చీఫు.

ఆ రోజే ఆయుధపూజ.

చీఫయితేనేం, బుల్లియ్య వ్యాన్ల సంగతి మరవలేదు. ముప్ఫై ఆరింటికీ దండలు వేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించాడు. కత్తిపీట దగ్గర నుంచి బాయిలరు దాకా అన్నిటికీ బొట్లు పెట్టారు. కంప్యూటరు దగ్గరికి వచ్చేసరికి పళ్ళెం ఆగిపోయింది.

"దీనికి బొట్టెట్టాల్సింది పేర్రాజు గారేనండి. ఆయన చేతి పనిముట్టది," అన్నాడు బుల్లియ్య.

పేర్రాజు శాలువా ఇంకా గట్టిగా చుట్టుకున్నాడు. "నాకు రెండున్నాయండి బాబూ. మూడోది వద్దు."

అందరూ హైమావతి వంక చూశారు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని సర్క్యులర్ తీసింది. "పని నిమిత్తము స్పృశించరాదు అని మాత్రమే ఉన్నది. పూజ పని కాదు. కావున పూజా నిమిత్తము స్పృశించుటకు అభ్యంతరము లేదు."

పేర్రాజు చేతులు బయటికి తీశాడు. మూడు వారాలుగా వెలుతురు చూడని చేతులవి. మానిటరుకు గంధం రాశాడు. ఉంగరపు వేలు కుంకుమలో అద్ది, ఎంటర్ మీటకు కుడి మూల మీద, కొంచెం ఎత్తిపట్టి, బొట్టు పెట్టాడు.

యంత్రం కిచకిచమంది. తెర కదిలింది. రెండడుగులు వేసి మళ్ళీ ఆగి, "సరేనా?" అని అడిగింది.

పేర్రాజు మెల్లగా హైమావతి వంక తిరిగాడు. "అమ్మా, పూజంటే ఒక ఉపచారంతో అయిపోతుందాండీ? షోడశోపచారాలు చెయ్యొద్దూ?"

"షోడశము అనగా పదహారు," అంది హైమావతి నిబంధన చెప్పినట్టే.

"మరేనండి," అన్నాడు పేర్రాజు.

ఆయనకు మంత్రాలు రావు. వచ్చిందే చదివాడు. "ఓం ఎంటరాయ నమః, ఆసనం సమర్పయామి." ఒక అక్షత మీట మీద పెట్టి వేలితో అదిమాడు. "ఓం స్పేసుబారాయ నమః, పాద్యం సమర్పయామి." ఎవరికి నమస్కారం పెట్టినా అదిమింది ఎంటరునే. స్నానం దగ్గరికి వచ్చేసరికి సుబ్బిరెడ్డి గారు భక్తిగా చెంబెత్తారు. పేర్రాజు కెవ్వున అరిచి, పొడిగుడ్డతో తుడిచి, దీనికిదే మంగళస్నానమన్నాడు. ధూపానికి కీబోర్డు సందుల్లోని దుమ్ము ఎగిరింది. తాంబూలానికి పదిహేను పూర్తయ్యాయి. పదహారోది నమస్కారం. రెండు చేతులూ జోడించి, జోడించిన చేతులతోనే మీట నొక్కాడు.

ప్రింటరు గరగరమంటూ దారి చీటీలు కక్కింది. బయట గొలుసు ఊడింది. ముప్ఫై ఆరు వ్యాన్లు నిమ్మకాయలు తొక్కుకుంటూ హారన్లు కొట్టుకుంటూ పోయాయి. పూజలో పెట్టిన పనిముట్టు ఆ రోజు వాడకూడదు కదా అని గవర్రాజుకు సందేహం వచ్చింది. వాడిందెవరు? బొట్టు పెట్టారంతే.

పేర్రాజు ఆ రోజు రెండు ప్లేట్ల పులిహోర తిన్నాడు.

మర్నాడు ఉదయం పళ్ళెంతో మళ్ళీ దిగాడు. నిత్యపూజ అన్నాడు. దేవుడి విషయం కనుక ఎవరూ కాదనలేదు. వారానికల్లా గది గుమ్మానికి మామిడాకులు, గంట, చెప్పులు విడిచే చోటు వచ్చేశాయి. పాలు మానేసిన నలభై ఊళ్ళూ తిరిగి వచ్చాయి. ప్రింటరు పాడైనవాళ్ళూ, పాస్‌వర్డు మరిచినవాళ్ళూ కొబ్బరికాయతో వరసలో నిలబడి, గోత్రనామాలతో సమస్య చెప్పుకునేవాళ్ళు. పేర్రాజు అర్చన పేరుతో నాలుగు మీటలు నొక్కి, "రేపటికల్లా సర్దుకుంటుంది, వెళ్ళండి" అని తీర్థమిచ్చేవాడు. హైమావతి కూడా సెలవుల జాబితా అచ్చు కాలేదని భరద్వాజస గోత్రం చెప్పుకుని నిలబడింది. ఆవిడ జాబితా వెంటనే వచ్చింది. వరసలో నిలబడనందుకు డిజిటల్ చీఫు గారి ఫైలు మాత్రం మూడు రోజులు కనపడలేదు.

పేర్రాజు సుఖంగా ఉన్నాడు. మెమో లేదు, మేడ లేదు. పొద్దున్నే యంత్రం అడగడం, తను సరేననడం. మనిషికి ఇంకేం కావాలి?

నెల తిరిగేసరికి విక్రాంత్ మళ్ళీ వచ్చాడు. బూట్లు విప్పి లోపలికి వచ్చి, పూజంతా కళ్ళు పెద్దవి చేసుకుని చూశాడు. ఒక్క చీటీ తప్పు లేదు, ఒక్క వ్యాను ఆలస్యం లేదు. అతని కళ్ళు చెమ్మగిల్లాయి.

"సార్, ఇంత టాలెంటుని ఇలా మామూలు అర్చకుడిగా ఉంచడం నేరం," అన్నాడు ఛైర్మన్ గారితో.

పేర్రాజు హారతి పళ్ళెం కింద పెట్టేశాడు. "వద్దండి బాబూ! మీకు దణ్ణం పెడతాను. నన్ను ఇలా వదిలేయండి!"

"చూశారా, వినయం!" అన్నాడు విక్రాంత్.

సాయంత్రానికి దండ వచ్చింది. పట్టుశాలువా వచ్చింది. హైమావతి చదివింది. ఈసారి ఆవిడ కాగితంలోంచి తల ఎత్తలేదు. "శ్రీ పేర్రాజు గారు ఇకపై ప్రధానార్చకులు. ప్రధానార్చకులు పర్యవేక్షకులు. కావున వారు పూజా నిమిత్తము సైతము యంత్రమును స్వహస్తములతో స్పృశించరాదు."

ఆ పూట పేర్రాజు ఇంట్లో అన్నం ముట్టలేదు. భార్య అనసూయ "మళ్ళీ పెంచారా?" అని మాత్రం అడిగింది. ఆయన తల ఊపాడు. ఆవిడ శాలువా అందుకుని, పెట్టెలో మిగతావాటి మీద పెట్టి, మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

మర్నాడు ఉదయం గదంతా నిండిపోయింది. చీఫులు, గుమాస్తాలు, డ్రైవర్లు, గుమ్మంలో సుబ్బిరెడ్డి గారు. గేటు దగ్గర ముప్ఫై ఆరు వ్యాన్లు. యంత్రం తెర మీద అడిగింది. "సరేనా?"

పేర్రాజు పట్టుశాలువాలో చేతులు బిగించుకుని దాని ముందు నిలబడ్డాడు. బయట ఎండ పాలక్యాన్ల మీదికి వస్తోంది. ఎవరో ఒకామె ఖాళీ క్యాను తీసుకెళ్ళడానికి వచ్చి, ఇంకా నిండుగా ఉన్న క్యాన్లు చూసి, అక్కడే నిలబడిపోయింది. పేర్రాజు ఆమెను చూశాడు. తర్వాత యంత్రాన్ని చూశాడు. తర్వాత హైమావతి వైపు తిరిగాడు.

"అమ్మా, ప్రధానార్చకుడు దేవుడికి నమస్కారం చేసుకోవచ్చాండీ?"

హైమావతి సర్క్యులర్ ముందు నుంచి చదివింది. వెనక నుంచి చదివింది. ఆ తర్వాత కాగితం మడిచేసి, మొదటిసారి మనిషి మాట్లాడినట్టు మాట్లాడింది. "దేవుడికి దణ్ణం పెట్టుకోవద్దని రాయడానికి నాకు చేతులెలా వస్తాయండీ? పెట్టుకోండి."

పేర్రాజు చేతులు వెనక్కి కట్టుకున్నాడు. నడుము వంచాడు. మెడ కొంచెం ఎడమకు తిప్పి, నుదుటిని ఎంటర్ మీట కుడి మూలకు ఆనించి, కాస్త పైకి నెట్టి, ఠప్పున కొట్టాడు.

యంత్రం కదిలింది.

అలా పదహారుసార్లు. ఎనిమిదోసారికి బుల్లియ్య గంట వాయించడం మొదలుపెట్టాడు. పన్నెండోసారికి సుబ్బిరెడ్డి గారు కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. పదహారోసారికి చీటీలు వచ్చాయి, గొలుసు ఊడింది, వ్యాన్లు కదిలాయి.

ఆ సాయంత్రం గుమ్మంలో అనసూయ ఆయన్ని ఆపి మొహంలోకి చూసింది. నుదుటి మధ్యన కందిపోయి బొప్పి కట్టింది. దాని మీద ఎంటర్ మీట బొట్టు, వంకర బాణం గుర్తుతో సహా అచ్చు పడి ఉంది.

"ఇదేంటండీ, ఏ గుడికెళ్ళారు?"

"ఆఫీసుకే," అన్నాడు పేర్రాజు. నొప్పి నొప్పిగానే ఉన్నా ఆయన మొహం వెలిగిపోతోంది. "పదహారుసార్లూ నన్నే అడిగిందే!"

ఆవిడ లోపలికి వెళ్ళి వెన్న తెచ్చి బొప్పికి రాసింది. అది ధవళధార వెన్నే.